గోలీ చేతిలో స్టిక్: ఇంట్లో సాధనా, కోచ్ దగ్గరికా, క్యాంపుకా, కొత్త స్టిక్కా?

రెండేళ్ల కిందట జనవరిలో మా వాడి ఐస్ హాకీ మ్యాచ్ చూడ్డానికి మా అత్తగారు మొదటిసారి రింక్‌కి వచ్చారు. గుంటూరు నుంచి కెనడాలోని మిస్సిసాగా వచ్చి అప్పటికి మూడు వారాలు. రెండు స్వెటర్ల మీద నా పార్కా తొడుక్కుని, చేతిలో టీ కప్పుతో గాజు గోడ వెనక కూర్చున్నారు. మా వాడికి అప్పుడు పదకొండేళ్లు, గోలీ, అంటే గోల్ కీపర్. రెండో పీరియడ్‌లో దూరంగా బ్లూ లైన్ (ఐస్ మీద నీలి గీత) దగ్గర్నుంచి ఎవడో ఊరికే తోసిన పక్, అదే ఆటలో వాడే రబ్బరు బిళ్ల, మెల్లగా జారుకుంటూ వచ్చింది. వాడు మోకాళ్ల మీదికి దిగేలోపే రెండు కాళ్ల మధ్య నుంచి నెట్‌లోకి వెళ్లిపోయింది. అక్కడ అడ్డంగా ఉండాల్సిన స్టిక్ కింది పలక, అదే బ్లేడ్, ఐస్ మీద లేదు. రెండు వేళ్ల ఎత్తున గాల్లో ఉంది.

"చీపురు నేలకి ఆనకుండా ఊడిస్తే చెత్త అక్కడే ఉంటది కదే" అన్నారు ఆవిడ, మా ఆవిడతో.

ఆ రాత్రే ఇంట్లో చర్చ మొదలైంది. తోటి తల్లిదండ్రుల్లో ఒకరు ప్రైవేట్ కోచ్‌ని పెట్టమన్నారు. ఒకరు వేసవి క్యాంప్ అన్నారు. ఇంకొకాయన కాంపోజిట్ (కార్బన్ ఫైబర్) స్టిక్ కొంటే సగం సమస్య తీరిపోతుందన్నాడు. ఈ రెండేళ్లలో దాదాపు అన్నీ చేశాం. నేనూ ఆదివారం రాత్రి పెద్దవాళ్ల లీగ్‌లో గోలీగా నిలబడతాను. ముప్పై ఎనిమిదో ఏట మొదలుపెట్టాను కాబట్టి, తప్పుల విషయంలో మా వాడికంటే సీనియర్‌ని. ఏ దారి దేనికి పనికొచ్చిందో, దేనికి డబ్బు దండగైందో రాస్తున్నాను.

## ముందు ఏ పని చెడుతోందో చూడండి

"మా వాడికి స్టిక్ సరిగా రాదు" అంటే ఏమీ తేలదు. గోలీ స్టిక్ చేసే పనులు నాలుగు. ఒక్కోదానికి మందు వేరు.

మొదటిది, కాళ్ల మధ్య సందుని కాపలా కాయడం. దాన్నే ఫైవ్ హోల్ అంటారు. ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడాల పెద్ద ప్రొఫెషనల్ హాకీ లీగ్) కొలతల ప్రకారం బ్లేడ్ పొడవు 15.5 అంగుళాలు, వెడల్పు 3.5 అంగుళాలు దాటకూడదు, మడమ (బ్లేడ్ పై కర్రని కలిసే మూల) దగ్గర మాత్రం 4.5 దాకా ఉండొచ్చు. నెట్ చూస్తే ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. అంత నెట్‌కి ఇంత ముక్క ఏపాటి అనిపిస్తుంది. క్రికెట్ ఆడినవాళ్లకి మాత్రం విడమరచి చెప్పక్కర్లేదు, బ్యాట్‌కీ ప్యాడ్‌కీ మధ్య సందు కూడా చిన్నదే.

రెండోది, తగిలిన పక్‌ని మనం అనుకున్న వైపు పంపడం. పక్ బరువు 156 నుంచి 170 గ్రాములు, అంటే ఇంచుమించు క్రికెట్ బంతి అంత. ఫార్వర్డ్ డిఫెన్స్ ఆడేటప్పుడు చేతులు బిగిస్తే బంతి ఎగిరి సిల్లీ పాయింట్ చేతిలో పడుతుంది. ఇక్కడా అంతే. స్టిక్‌ని గట్టిగా బిగించి పట్టుకుంటే పక్ తగిలి నేరుగా ఎదుటి ఆటగాడి దగ్గరికే వెళ్తుంది. పట్టు కాస్త సడలిస్తే అక్కడే చచ్చిపడుతుంది, బ్లేడ్‌ని కొంచెం తిప్పితే మూలకి జారిపోతుంది. బ్లేడ్ స్కేట్లకి ఆనుకుని ఉంటే వెనక్కి తగ్గడానికి చోటుండదు, అందుకే దాన్ని కాళ్లకి కాస్త ముందు, ఇంచుమించు ఒక జానెడు దూరంలో ఉంచమంటారు.

మూడోది పోక్ చెక్. దగ్గరికొచ్చిన ఆటగాడి దగ్గర్నుంచి స్టిక్ చాచి పక్‌ని పొడిచేయడం. క్రీజ్ (నెట్ ముందు గోలీ నిలబడే గీసిన చోటు) ముందు నుంచి అడ్డంగా పోయే పాస్‌ని తుంచడం కూడా ఈ ఖాతాలోదే. 1960లలో టొరంటో మేపుల్ లీఫ్స్ నాలుగు స్టాన్లీ కప్పులు (ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే ట్రోఫీ) గెలిచినప్పుడు ఆ జట్లలో గోలీగా ఉన్న జానీ బోవర్‌కి ఈ పోక్ చెక్ వల్లే పేరు. చూడ్డానికి బాగుంటుంది, తప్పితే మాత్రం నెట్ మొత్తం ఖాళీ.

నాలుగోది, నెట్ వెనక బోర్డుల వెంట వచ్చే పక్‌ని ఆపి మనవాళ్లకి పాస్ ఇవ్వడం. న్యూజెర్సీ డెవిల్స్ గోలీ మార్టిన్ బ్రొడర్ ఇందులో ఎంత దిట్ట అంటే, 2005-06 సీజన్‌లో ఎన్‌హెచ్‌ఎల్ గోల్ లైన్ వెనక ట్రెపీజియం ఆకారంలో గీతలు గీసి, ఆ లైన్ వెనక గోలీలు ఆ గీతల బయట పక్ ముట్టకూడదని రూల్ పెడితే, జనం దాన్ని బ్రొడర్ రూల్ అనే పిలిచారు. పిల్లలందరికీ మనసు ఈ నాలుగో పని మీదే ఉంటుంది. 1987 డిసెంబర్ 8న ఫిలడెల్ఫియా గోలీ రాన్ హెక్స్‌టాల్ అటు చివర ఖాళీగా ఉన్న నెట్‌లోకి గురిచూసి కొట్టి గోల్ చేశాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక గోలీ అలా తానే కొట్టి చేసిన మొదటి గోల్ అది. మా వాడు ఆ వీడియో ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. ఫైవ్ హోల్ గోల్స్ తిన్న వీడియో చూడమంటే మాత్రం బాత్రూమ్ వస్తుంది.

ఆ రెండో వీడియోనే అసలు పరీక్ష. మూడు మ్యాచ్‌లు నెట్ వెనక గాజు దగ్గర్నుంచి ఫోన్‌తో తీయండి. తిన్న ప్రతి గోల్‌కీ, ముందుకు వెళ్లిన ప్రతి రీబౌండ్‌కీ (గోలీకి తగిలి తిరిగెళ్లిన పక్‌కీ) ఒక్కటే చూడండి: షాట్ బయల్దేరినప్పుడు బ్లేడ్ ఎక్కడుంది? మావాడి లెక్క తీస్తే మూడు మ్యాచ్‌ల్లో పదకొండు గోల్స్, అందులో ఐదు బ్లేడ్ గాల్లో ఉన్నప్పుడే పడ్డాయి. పోక్ చెక్ తప్పి పడింది ఒక్కటి. పాసింగ్ వల్ల పోయింది ఒక్కటీ లేదు. అప్పటిదాకా మేం వాడికి నేర్పిద్దామనుకుంటున్నది పాసింగ్!

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

ఏ పని చెడుతోందో తేలాక మూడు సంగతులు చూసుకోవాలి. ఆ దారిలో ఒక్క వారంలో ఎన్నిసార్లు చేయగలుగుతారు? తప్పు చేస్తే పట్టుకునే కన్ను ఉందా? నిజం ఐస్, నిజం పక్ తగులుతాయా? డబ్బు సంగతి నాలుగోది, దాన్ని దాచక్కర్లేదు. ఈ నాలుగూ ఒకేచోట దొరకవు. ఎక్కువసార్లు చేసే వీలున్నచోట కన్ను ఉండదు, కన్ను ఉన్నచోట గంటకి మీటర్ తిరుగుతుంటుంది.

| దారి | ఎన్నిసార్లు చేయొచ్చు | తప్పు పట్టే కన్ను | ఐస్, పక్ | ఖర్చు | ఏ పనికి బాగా |
|---|---|---|---|---|---|
| స్టిక్ కొలత సరిచూడడం | ఒక్కసారి | షాపులో తెలిసినవాళ్లు | – | చూడ్డానికి సున్నా, మారిస్తే ధర | కాపలా |
| ఇంట్లో సాధన | రోజూ | లేదు | లేవు | దాదాపు సున్నా | కాపలా, రీబౌండ్ |
| టీమ్ ప్రాక్టీస్‌లో పది నిమిషాలు | వారానికి ఒకటి రెండు సార్లు | సగం సగం | ఉన్నాయి | లేదు | పాసింగ్, నెట్ వెనక ఆట |
| ప్రైవేట్ గోలీ కోచ్ | నెలకి ఒకటి రెండు | ఉంది | ఉన్నాయి | ఎక్కువ | పట్టు, పోక్ చెక్, అన్నిటికీ దిద్దుబాటు |
| వేసవి క్యాంప్ | ఏడాదికి ఒక వారం | పంచుకున్న కన్ను | ఉన్నాయి | చాలా ఎక్కువ | స్టిక్ ఒక్కదానికైతే వద్దు |
| బాల్ హాకీ | వేసవి అంతా | లేదు | లేవు | తక్కువ | రీబౌండ్, పోక్ చెక్ టైమింగ్ |

## కొత్త స్టిక్: కొనే ముందు టేప్ చూడండి

అన్నిటికంటే ముందు ఇది చూడమంటాను, ఎందుకంటే చూడ్డానికి పైసా ఖర్చు లేదు. నాలుగైదు మ్యాచ్‌లు ఆడాక బ్లేడ్ కింది అంచు టేప్ ఎక్కడ అరిగిందో చూడండి. సమానంగా అరిగితే కొలత సరిపోయినట్టే. మడమ దగ్గరే అరిగి ముందు కొన కొత్తగా మెరుస్తుంటే, ప్యాడిల్ పొడవెక్కువై కొన పైకి లేస్తోందన్నమాట. కొన అరిగి మడమ దగ్గర శుభ్రంగా ఉంటే ప్యాడిల్ పొట్టి. ప్యాడిల్ అంటే బ్లేడ్ నుంచి బ్లాకర్ చేయి (స్టిక్ పట్టుకునే చేయి, దానికి పలక ఉన్న గ్లవ్ ఉంటుంది, అదే బ్లాకర్) పట్టుకునే చోటు వరకు ఉండే వెడల్పాటి భాగం. దాని పైనుండే సన్నటి కర్రని, అంటే షాఫ్ట్‌ని, పైన కోసి పొట్టి చేసుకోవచ్చు గానీ దీన్ని కోయడం కుదరదు. అందుకే స్కేట్లు వేసుకుని, ఆటలో వంగినట్టే వంగి, బ్లేడ్ మొత్తం నేలకి ఆనుతోందో లేదో చూశాకే కొనాలి.

నేనేం చేశానంటే, ఎదిగే పిల్లాడు కదా, వచ్చే ఏడాదికీ పనికొస్తుందని రెండు అంగుళాలు ఎక్కువ పొడవున్నది కొన్నాను. స్కూల్ యూనిఫాం కొన్నట్టు. మా అత్తగారు చూసిన ఆ గాల్లో చీపురులో సగం నా పుణ్యమే. ఆ రోజు రాత్రి బేస్‌మెంట్‌లో లైటు కింద బ్లేడ్ తిరగేసి చూస్తే మడమ దగ్గర టేప్ దారాలు దారాలుగా ఊడిపోయి ఉంది, కొన దగ్గర ఇంకా తెల్లగా ఉంది.

ఇక ఫోమ్ కోరా, కాంపోజిటా? ఫోమ్ కోర్ (లోపల ఫోమ్ ఉండే మామూలు) స్టిక్ బరువెక్కువ, ధర తక్కువ, షాట్ తగిలినప్పుడు చేతికి అదురు తక్కువ. కాంపోజిట్ తేలిక, పోక్ చెక్ చురుగ్గా వెళ్తుంది, పాస్ దూరం పోతుంది, పైరకానివి 300 కెనడియన్ డాలర్లు దాటుతాయి. కాపలా, రీబౌండ్ దగ్గరే తంటాలు పడుతున్నవాళ్లకి కాంపోజిట్ చేసే మేలు ఏమీ లేదని నా అభిప్రాయం. బరువుండే స్టిక్ ఐస్ మీద నిలకడగా ఉంటుంది కూడా. పద్నాలుగు, పదిహేనేళ్లు దాటి, నెట్ వదిలి బయటికొచ్చి పక్ ఆడే గోలీకైతే ఆ తేలికదనానికి అర్థముంది.

## ఇంట్లో సాధన

మాకు అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఇదే. కావాల్సింది ఒక గోడ, రెండు టెన్నిస్ బంతులు, పాత స్టిక్. కొత్తది వాడకండి, కాంక్రీట్ నేల మీద బ్లేడ్ అంచు నెలలో అరిగిపోతుంది. కార్పెట్ మీద బ్లేడ్ కదలదు, కాబట్టి అక్కడ వద్దు. బ్లాకర్ తొడుక్కోవాలి, అది లేకుండా చేస్తే పట్టు వేరేలా ఉంటుంది.

గోడకి ఆరేడు అడుగుల దూరంలో ఆట భంగిమలో నిలబడి, గ్లవ్ చేత్తో (క్యాచ్ పట్టే చేత్తో) బంతిని గోడకేసి కింద నుంచి కొట్టాలి. అది నేల వెంట తిరిగొచ్చేటప్పుడు బ్లేడ్‌తో మూలకి మళ్లించాలి. మేం రెండు వైపులా రెండు ఖాళీ చెప్పుల డబ్బాలు పెట్టాం. ఇరవై కుడి డబ్బాలోకి, ఇరవై ఎడమ డబ్బాలోకి. టెన్నిస్ బంతి పక్ కంటే తేలిక, ఎగురుతుంది. చేయి బిగిస్తే డబ్బా దాటి టీవీ మీద పడుతుంది. ఆ భయమే చేతుల్ని మెత్తబరుస్తుంది!

రెండోదానికి బంతి కూడా అక్కర్లేదు. మోకాళ్ల మీదికి దిగడం, లేవడం. దిగేటప్పుడు బ్లేడ్ నేల వదలకూడదు. వదిలిందో లేదో చూడక్కర్లేదు, వింటే చాలు. నేల వదలకపోతే సర్రుమని జారిన చప్పుడు వస్తుంది. గాల్లోకి లేచి మళ్లీ పడితే టక్ మంటుంది. మా అత్తగారు పైన వంటింట్లో పప్పు తాలింపు వేస్తూనే "బుజ్జీ, టక్ మంది" అని కేకేసేవారు. వాడు కింద నుంచి "అది బంతి అమ్మమ్మా" అని అబద్ధమాడేవాడు. రోజుకి పది నిమిషాలు, ఆరు వారాలు. ఆ తర్వాత తీసిన వీడియోల్లో బ్లేడ్ గాల్లో ఉన్నప్పుడు పడిన గోల్ ఒకటి కనిపించింది.

దీని లోపమూ చెప్పాలి. తప్పుని కూడా రోజుకి నలభైసార్లు చేయిస్తుంది. మా వాడు స్టిక్‌ని పిడికిలితో రోకలి పట్టినట్టు పట్టుకునేవాడు. చూపుడు వేలు ప్యాడిల్ ముఖం మీద చాచి ఆనించాలని నాకూ తెలీదు, వాడికీ తెలీదు. రెండు నెలల సాధనతో ఆ రోకలి పట్టు ఇంకా గట్టిపడింది. అది కోచ్ కంట్లో పడ్డానికి ఐదు నిమిషాలు పట్టింది.

## ప్రైవేట్ గోలీ కోచ్

కోచ్ దగ్గర కొనుక్కోవాల్సింది కన్ను. ఎక్కువసార్లు చేయడానికి ఇల్లుంది. ఒక గంట పాఠానికి మేం ఇచ్చింది ఒక మామూలు ఫోమ్ కోర్ స్టిక్ ధరకి దగ్గర్లో ఉంది. ఆ గంటంతా షాట్లు ఆపించుకుంటే నష్టం మనకే. మేం మొదట వెళ్లినాయన అదే చేశాడు. గంటలో రెండొందల షాట్లు కొట్టాడు, మధ్యలో "గుడ్, గుడ్" అన్నాడు, అయిపోయింది. మా వాడు చెమటతో, సంతోషంగా బయటికొచ్చాడు. స్టిక్ ఎక్కడుందని ఎవరూ అడగలేదు.

కాబట్టి చేరే ముందు ఇంకో పిల్లాడి పాఠం ఒకటి బయట నిలబడి చూడండి. కోచ్ షాట్లు ఆపి, దగ్గరికొచ్చి, చేయి పట్టుకుని సరిచేస్తున్నాడా? కదలికలు, స్కేటింగ్ నేర్పడంలోనే గంట అయిపోవడం మామూలే, స్టిక్‌కి చివరి ఐదు నిమిషాలు మిగులుతాయి. అందుకే మొదటే "మాకు స్టిక్ ఒక్కటే చూడండి" అని చెప్పేయాలి. మేం వారం వారం వెళ్లడం మానేసి మూడు నాలుగు వారాలకి ఒకటి చొప్పున మూడు పాఠాలు తీసుకున్నాం. మధ్యలో బేస్‌మెంట్. ఇప్పటికీ నా సలహా ఇదే.

కోచ్ లేకుండా నేర్చుకోకూడనిది పోక్ చెక్. చేయి ప్యాడిల్ పై నుంచి షాఫ్ట్ చివర గుబ్బ దాకా జారాలి, జారి అక్కడ ఆగాలి. చూపు పక్ మీదే ఉండాలి, ఎదుటివాడి స్టిక్ మీద కాదు. ఎప్పుడు పొడవాలన్నది అంతకంటే కష్టం. ఎదుటివాడు తల దించి పక్ చూసుకునే క్షణం ఒకటుంటుంది. అది పుస్తకంలో చదివితే రాదు, పక్కన నిలబడి "ఇప్పుడు" అని అరిచేవాళ్లుండాలి. వీడియోలు చూసి నేర్చుకున్న నాకు ఆ ఆదివారం లీగ్‌లో ట్రిప్పింగ్ (స్టిక్‌తో ఎదుటివాణ్ణి పడేసినందుకు) పెనాల్టీలు బాగానే వచ్చాయి.

## టీమ్ ప్రాక్టీస్‌లో పది నిమిషాలు

ప్రాక్టీస్‌లో గోలీ అంటే షాట్లు కొట్టుకునే గోడ. అడిగితే తప్ప ఎవరూ పట్టించుకోరు. హెడ్ కోచ్‌ని మర్యాదగా అడిగి మొదట్లోనో చివర్లోనో పది నిమిషాలు, ఒక డిఫెన్స్‌మన్‌తో సహా, సంపాదించుకోండి. బోర్డుల వెంట పక్ తిప్పించుకుని నెట్ వెనక ఆపడం, డిఫెన్స్‌మన్ "వీల్", "రివర్స్", "ఓవర్" అని అరిస్తే దానికి తగ్గట్టు పక్ వదలడం. ఇది ఇంట్లో కుదరదు, ప్రైవేట్ పాఠంలో డబ్బు దండగ. ఎవరితో ఆడతామో వాళ్లతోనే చేయాలి, వాళ్ల గొంతు గుర్తుపట్టాలి.

ఇక్కడ మనవాళ్లకి ఒక చిక్కుంది. కుడిచేతి బ్యాట్స్‌మన్‌కి ఎడమ చేయి హ్యాండిల్ పైన, కుడి చేయి కింద. మామూలుగా గోలీలు ఎడమ చేతికి గ్లవ్, కుడి చేతికి బ్లాకర్ వేసుకుంటారు. రెండు చేతులతో పాస్ కొట్టాలంటే కుడి చేయి పైకి, ఎడమ చేయి కిందికి పోతుంది. అంటే చిన్నప్పట్నుంచి కుడిచేతి వాటం బ్యాటింగ్ చేసినవాడు ఒక్కసారిగా ఎడమచేతి వాటం ఆడాలి. నా పాస్‌లు ఎందుకు అంత అధ్వానంగా ఉన్నాయో ఇది తెలిశాకే అర్థమైంది. డాలస్ వైపు ఉన్నవాళ్లు డాలస్ స్టార్స్ పాత గోలీ మార్టీ టర్కో పేరు వినే ఉంటారు. గ్లవ్‌ని షాఫ్ట్ కింద నుంచి కాకుండా పై నుంచి బోర్లించి పట్టుకునే పట్టుకి ఆయన పేరే పడింది, టర్కో గ్రిప్. మొదట్లో మణికట్టు నొప్పి పుడుతుంది, అలవాటైతే పక్ మీద బరువు దిగుతుంది. నాకు అదే కుదిరింది, మా వాడికి కుదరలేదు.

## వేసవి క్యాంప్, బాల్ హాకీ

క్యాంప్ మంచిదే. వారం రోజులు గోలీ పిల్లలంతా ఒకచోట ఉంటారు, వాళ్ల కష్టం వాళ్లే చెప్పుకుంటారు, మా వాడికి అక్కడే ఇద్దరు స్నేహితులయ్యారు. కానీ స్టిక్ కోసం మాత్రమే వెళ్లకండి, అక్కడ స్టిక్ వాటా తక్కువ.

బాల్ హాకీ, అంటే ఐస్ లేకుండా నేల మీద బంతితో ఆడే హాకీకి గ్యారేజ్ ముందు ఖాళీ స్థలం చాలు. వీధి పిల్లలు ఎదురొచ్చి ఆడతారు కాబట్టి పోక్ చెక్ టైమింగ్ ఒంటబడుతుంది. స్కేట్లు ఉండవు కనక నిలబడే ఎత్తు మారుతుంది, బ్లేడ్ ఆనిక కూడా మారుతుంది. సెప్టెంబర్‌లో ఐస్ ఎక్కగానే ఒకటి రెండు వారాలు పాత తప్పులు తిరిగొస్తే కంగారు పడకండి.

## ఎవరికి ఏది

తొమ్మిదేళ్ల లోపు పిల్లలకి సరైన కొలత స్టిక్, చెప్పుల డబ్బాల ఆట చాలు. కోచ్ వద్దు. ఇప్పుడే గోలీ మొదలుపెడుతున్న పిల్లాడు కుడి చేత్తో క్యాచ్ పట్టడం హాయిగా ఉందంటే ఆ దారినీ కొట్టిపారేయకండి. అలాంటి గ్లవ్, బ్లాకర్ జత వెతుక్కోవాల్సి వస్తుంది గానీ, పాసింగ్‌లో బ్యాట్ పట్టిన చేతులు పనికొస్తాయి.

పది నుంచి పదమూడేళ్లవాళ్లకి మా దారే చెబుతాను: టేప్ చూడడం, రోజూ పది నిమిషాలు, సీజన్‌లో మూడు పాఠాలు. రెంటిలో ఒక్కదానికే వీలుంటే పాఠం ముందు తీసుకుని, ఆ తర్వాత ఇంటి సాధన మొదలుపెట్టండి. మేం తిరగేసి చేశాం, రోకలి పట్టు విడిపించడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

పెద్ద జట్లలో ఆడే టీనేజర్ల సంగతి వేరు. కాపలా, రీబౌండ్ వాళ్లకి ఎప్పుడో వచ్చేసి ఉంటాయి. వాళ్ల డబ్బు పోక్ చెక్ పాఠాల మీద, వాళ్ల టైమ్ డిఫెన్స్‌మన్‌తో నెట్ వెనక పోవాలి. కాంపోజిట్ అడిగితే కొనిపెట్టండి, ఆ వయసులో కారణం ఉంటుంది.

నాలాగా లేటుగా మొదలుపెట్టినవాళ్లకి ఐస్ దొరికేది రాత్రి పదకొండింటికి, మర్నాడు ఎనిమిదికి ఆఫీస్ కాల్. రోజూ సాధన అన్నది మాటవరసకే. మ్యాచ్‌కి ముందు డ్రెస్సింగ్ రూమ్‌లో బ్లేడ్‌కి టేప్ చుట్టుకునేటప్పుడు నాలుగు నిమిషాలుంటాయి. నేను పాతది విప్పి, ఎక్కడ అరిగిందో చూసి, కొత్తది చుడతాను. పోయిన ఆదివారం మడమ నుంచి కొన దాకా ఒకేలా అరిగింది. 6-2తో ఓడిపోయాం, అది వేరే సంగతి.